అడగడం వేరు, తెరవడం వేరు

మన ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ రికార్డులో యాక్సెస్ సిస్టమ్ కాల్ ప్రోగ్రామ్ రాయనివాళ్లు ఉండరు. ఫైల్ పేరిచ్చి, చదవొచ్చా అని ఆర్_ఓకే, రాయొచ్చా అని డబ్ల్యూ_ఓకే, అసలుందా అని ఎఫ్_ఓకే పెట్టి అడగడం. సరేనంటే 0, కాదంటే -1. (0 అంటే 'అవును' అని మర్చిపోయి ఇఫ్‌ని తిరగేసి రాసినవాళ్లలో నేనూ ఉన్నాను.) అవుట్‌పుట్ వస్తుంది, సంతకం పడుతుంది, అయిపోయింది. అక్కడితో ఆపేయడమే తప్పని నేనంటాను.

పోయిన సెమిస్టర్లో ల్యాబ్ సర్వర్ మీద అసైన్‌మెంట్లు సబ్మిట్ చేసే చిన్న సీ ప్రోగ్రామ్ నేనే రాశాను. అందరి ఫైళ్లూ ఒకే ఫోల్డర్లో పడాలి, ఒకరివి ఒకరు చూడకూడదు. అందుకని ఆ ఫోల్డర్‌ని వేరే అకౌంట్ పేరున పెట్టి, ప్రోగ్రామ్‌కి సెట్‌యూఐడీ బిట్ ఇచ్చాను. ఎవరు నడిపినా అది ఆ అకౌంట్ అధికారంతోనే నడుస్తుంది. మరి ఎవడైనా పక్కవాడి ఫైల్ పేరిస్తే? యాక్సెస్ ఉందిగా! అది రియల్ యూఐడీని, అంటే నడిపిస్తున్న అసలు మనిషిని చూసి జవాబు చెప్తుంది. ఓపెన్ మాత్రం ఎఫెక్టివ్ యూఐడీని చూస్తుంది. ముందు అడిగి తర్వాత తెరిస్తే చాలనుకున్నాను.

మా రూమ్మేట్ ఒక్క సాయంత్రంలో దాన్ని పడగొట్టాడు. ఒక సింబాలిక్ లింక్ పెట్టి, దాన్ని ఒకసారి తన ఫైల్ వైపు, ఇంకోసారి నా సబ్మిషన్ వైపు తిప్పుతూ ఉండే లూప్ రాశాడు. పక్క టెర్మినల్లో నా ప్రోగ్రామ్ ఇంకో లూప్‌లో. యాక్సెస్ అడిగినప్పుడు లింక్ వాడి ఫైల్‌ని చూపించాలి, ఓపెన్ దగ్గరికొచ్చేసరికి నాదాన్ని. చాలాసార్లు కుదర్లేదు. ఒక్కసారి కుదిరింది. నా అసైన్‌మెంట్ వాడి పేరు మీద, కామెంట్లలో నా స్పెల్లింగ్ తప్పులతో సహా!

తత్కాల్‌లో సీట్లున్నాయని చూసి, డబ్బు కట్టేలోపు వెయిటింగ్ లిస్ట్ రావడం మనకి తెలియనిది కాదు. చూసిన క్షణం వేరు, వాడిన క్షణం వేరు. దీని పేరు 'టైమ్ ఆఫ్ చెక్ టు టైమ్ ఆఫ్ యూజ్'. లైనక్స్ మాన్ పేజీలోనే ఈ హెచ్చరిక ఉంది, మేమెవరం అంత కిందికి స్క్రోల్ చేయలేదు.

సరిచేయడానికి రెండు లైన్లు పట్టాయి. తెరిచే ముందు సెట్‌ఈయూఐడీతో అరువు అధికారం వదిలేసి, విద్యార్థిగానే ఓపెన్ చేయడం, తర్వాత వెనక్కి తెచ్చుకోవడం. కుదరకపోతే కెర్నలే ఎర్‌నోలో కారణం చెప్తుంది. మామూలు ప్రోగ్రాముల్లో కూడా అంతే, నేరుగా తెరిచి చూడటమే నయం. పెద్ద పని మొదలుపెట్టేముందు 'నీకు ఇక్కడ రాసే పర్మిషన్ లేదు బాబూ' అని యూజర్‌కి మర్యాదగా చెప్పడానికైతే యాక్సెస్ పనికొస్తుంది, కాపలాకి కాదు.

రికార్డులోంచి ఆ ప్రోగ్రామ్ తీసేయమనట్లేదు. దాని కిందే లింక్ తిప్పే లూప్ కూడా రాయించండి. వైవాలో '0 వస్తే అర్థమేంటి' అని కాకుండా '0 వచ్చాక ఏం మారొచ్చు' అని అడగండి. మా రూమ్మేట్ లూప్ ఆరు లైన్లే. జూనియర్లకి కావాలంటే ఇస్తాడట.