గౌను చూసే కండ్లు వేరు, తాకా చూసే కండ్లు వేరు

పోయిన నెల తువ్వాలు కొనేటప్పుడు ఏం చూడాలో రాసిన గదా. అది చదివిన చెల్లెండ్లు ఇద్దరు బజార్ల ఆపి, "ఎప్పుడు చూడు చద్దర్లు, తువ్వాళ్లేనా అన్నా? ఫోన్ల అందరం చూస్తున్న ఆ అమెరికా గౌన్ల సంగతి రాయరాదా" అన్నరు. సరే, రాస్తున్న. నేను నాలుగో తరగతి చదివినోన్ని, ఇంగ్లీషు రాదు. కానీ షోలాపురంల మిల్లు నడిచినన్నాళ్లు ఫోల్డింగు ఖాతాల, అది మూతపడ్డంక సాంచెల కార్ఖానాల, తాకాలు చూసుడే నా పని. గుడ్డ గుడ్డనే, అది ఎవరి మీదున్నా.

దాన్ని మెట్ గాలా అంటరు. న్యూయార్కుల మెట్రోపాలిటన్ మ్యూజియం అని పెద్దది ఉన్నది. దాంట్ల పాత బట్టలు దాచే విభాగానికి చందా పోగుచేసే విందు అది. ఏటా మే నెల మొదటి సోమవారం జరుగుతది. 1948ల మొదలైనప్పుడు టికెట్ 50 డాలర్లు. 2024ల 75,000 డాలర్లు, అప్పటి మన లెక్కల 62 లక్షల రూపాయలు. పైసలున్నా సరిపోదు, పిలుపు రావాలె. సినిమావాళ్లు, పాటగాళ్లు, కోటీశ్వరులు మెట్లెక్కుకుంట పోతుంటే లోకమంతా వాళ్ల గౌన్లు చూస్తది.

2024ల నాకు అన్నిటికన్న నచ్చింది ఆలియా భట్ చీర. కలకత్తా సబ్యసాచి కుట్టించినది. లేత పుదీన రంగు, పువ్వుల పని, వెనక 23 అడుగుల కొంగు. మన ఆడోళ్ల చీర 18 అడుగులకు కొంచెం అటూఇటు ఉంటది, ఈమెకు కొంగే అంతకన్న పొడుగు! అంత పొడుగు గుడ్డ నేలమీద ఈడుస్తుంటే మడత తిరగలేదు, అంచు ముడుచుకోలేదు. బరువు సరిగ్గ పంచి కుట్టినోళ్ల పనితనం అది. ఇంకొక మాట, దానికి 163 మంది పనిచేసిన్రని ఆలియా తానే చెప్పింది. అందరివి కలిపి రెండువేల గంటలకు కొంచెం తక్కువ. భాగిస్తే మనిషికి పన్నెండు గంటలు, అంటే పాళీన్నర. అందరు సమానంగ చేసి ఉండరు. దారానికి రంగేసినోడు పొద్దునే లేచి పోయి ఉంటడు, పూసలు కుట్టినోడు రాత్రుళ్లు కూసుని ఉంటడు.

ఈశా అంబానీది రాహుల్ మిశ్రా చేసిన బంగారు రంగు చీర గౌను. పువ్వులు, సీతాకోక చిలుకలు, తూనీగలు, మీద చోటే మిగలలేదు. 10,000 గంటలు పట్టిందట. ఒక్కడే కూసుని రోజుకు ఎనిమిది గంటల పాళీ, వారానికి ఒక సెలవు లెక్కన చేస్తే నాలుగేండ్లు. పనికి వంక పెట్టలేను. కానీ నా కండ్లకు కూర్ల ఉప్పెక్కువైనట్టున్నది. ఖాళీ గుడ్డ కొంచెం ఉంటేనే పువ్వు పువ్వులెక్క కనపడతది.

మన తెలుగామె కూడ ఒకరు పోయింది, హైదరాబాదు సుధా రెడ్డి. 2021ల ఒకసారి, మళ్ల 2024ల. 2024ల తరుణ్ తహిలియానీ చేసిన, దంతం రంగు పట్టు గౌను. తెల్ల పట్టు మీద పని చేసుడు ఎంత కష్టమో మన దిక్కు అందరికి ఎరుకే. నూనె చేయి తగిలినా, చెమట పడినా కనపడతది. ఆ గౌను శుభ్రంగ ఉన్నది.

టైలా అని దక్షిణాఫ్రికా పాటగత్తె ఉన్నది. ఆమె గౌను ఇసుకతోని చేసినట్టే ఉన్నది, ఒంటికి అచ్చు పోసినట్టు. చూడ సక్కదనం. కానీ అడుగు తీసి అడుగు వేయరాదు! మెట్లెక్కనీకె మగోళ్లు గుంజను ఎత్తుకపోయినట్టు మోసుకపోయిన్రు. తర్వాత అదే రాత్రి కుట్టినాయనే కత్తెర తెచ్చి మోకాళ్ల పైకి కోసిండు. దానికి నేను మార్కులు వేయ. 2015ల రిహానా కట్టిన పసుపుపచ్చదీ అంతే. చైనా గువో పే అనే ఆమె చేసింది, సుమారు 25 కిలోలు. రెండు కిలోల చద్దర్లు డజను భుజం మీదేసుకుని నడిచినట్టు లెక్క. అయినా ఆ పిల్ల నవ్వుకుంటనే నడిచింది, అందుకు మెచ్చుకోవాలె.

గౌన్ల కన్న నాకు మనసుకు పట్టింది లోపల పెట్టిన ప్రదర్శన. ఇక కట్టుకోరాని, బొమ్మకు కూడ తొడగరాని పాత బట్టలను అద్దాల పెట్టెలల్ల పండబెట్టిన్రు. దాంట్ల 1887ల ప్యారిస్‌ల వర్త్ అనే పెద్ద దర్జీ కుట్టించిన పట్టు గౌను ఒకటి. ఆ కాలంల పట్టును తూకానికి అమ్మేటోళ్లు. జిగురు కడిగితే పట్టు బరువు తగ్గుతది. అందుకని లోహపు ఉప్పులల్ల ముంచి బరువు పెంచేటోళ్లు. ఆ ఉప్పే ఏండ్లు గడిచినంక పోగును లోపలినుంచి తిని, మడత కాడ చీలుస్తది. మన నూలు మిల్లులల్ల గంజిల తెల్లమన్ను కలిపి తాకా బరువు చూపెట్టిన తీరే. మొదటి ఉతుకుకే బండారం బయటపడేది. అసలు అట్లాంటి పాత బట్టను ముట్టనే ముట్టొద్దు. 2022ల కిమ్ కర్దాషియన్, 1962 నాటి మార్లిన్ మన్రో గౌనును ఇదే విందుకు కట్టింది. వెనక మూయరాక తెల్ల బొచ్చు కోటు కప్పుకున్నది. మెట్లెక్కి, వెంటనే విప్పేసి నకలు తొడుక్కున్నది. బట్టలు దాచే పనిలో ఉన్నోళ్లు శానామంది కోపానికొచ్చిన్రు, వాళ్లది న్యాయమే.

ఇగ ఒక మాట. గౌనుకు దర్జీ పేరున్నది, కట్టినామె పేరున్నది. పనిచేసినోళ్లకు మాత్రం లెక్క ఉన్నది: 163 మంది, 10,000 గంటలు. 2023ల ఆ మెట్ల మీద పరిచిన తివాసీ మన కేరళల ఆలప్పుళ జిల్లాల తయారైంది. అక్కడ కూడ కంపెనీ పేరే తెలిసింది. మా ఖాతాల ప్రతి తాకా మీద సాంచె నంబరు ఉండేది. పోగు తెగినా, మరక పడినా, ఆ నంబరు చూసి ఎవరిదో పట్టి పగార్ల కోసేటోళ్లు. నా చేతితోనే శానాసార్లు నంబర్లు రాసిచ్చిన. తప్పు లేని తాకా నంబరు ఎవరూ రాయమనలేదు.

మా గల్లీల ఇంటికొక పిల్ల మగ్గం వర్కు చేస్తున్నది. మా మనుమరాలు కూడ. ఈ వీడియోలు చూపెట్టింది తనే. 10,000 గంటలంటే నోరు తెరిచింది, "తాతా, గంటలు ఎవరు లెక్కపెట్టిన్రు?" అన్నది. వాళ్లు లెక్కపెట్టుకున్నరు కాబట్టే చెప్పుకున్నరు. అప్పటినుంచి నోటుబుక్కుల రాసుడు మొదలుపెట్టింది: ఏ పొద్దు కూసున్నది, ఎప్పుడు లేచింది. పెండ్లి జాకెట్టు ఒకటి, వీపు నిండ నెమలి, చేతులకు జర్దోజీ. 52 గంటలు అయినయి. దుకాణపాయన ఇచ్చింది 1,560. గంటకు 30 రూపాయలు. మునుపు "రెండు రోజుల పని" అని ఆయనంటే ఈమె తలూపేది. ఈసారి కాగితం ముందల పెట్టింది. ఆయన చదివి, మడిచి జేబుల పెట్టుకుని, వచ్చే జాకెట్టుకు చూద్దామన్నడట.

ఆ జాకెట్టు గుడ్డ నిన్ననే ఇంటికొచ్చింది. మగ్గానికి బిగించి, పైన గంట రాసుకుని కూసున్నది.