ఓటీపీ నాన్న ఫోన్‌కి

పిల్లలు విదేశాలకు బయల్దేరుతుంటే మన ఇళ్ళలో జరిగే హడావుడి అందరికీ తెలిసిందే. గోంగూర పచ్చడి కారకుండా ఎన్ని కవర్లు చుట్టాలి, పెట్టె 23 కిలోలు దాటిందా, దాటితే కందిపొడి తియ్యాలా చీర తియ్యాలా అన్న చర్చ అర్ధరాత్రి దాకా నడుస్తుంది. ఆదాయపు పన్ను సంగతి ఆ రాత్రి ఎవరికీ గుర్తురాదు. అది గుర్తొచ్చేది మరుసటి జూన్‌లో, పాత కంపెనీ ఫారం 16 ఇచ్చే వేళకి. అప్పటికి అబ్బాయి డల్లాస్‌లోనో డబ్లిన్‌లోనో ఉంటాడు. ఆ ఫారం రావలసిన ఆఫీసు మెయిల్ ఎప్పుడో మూతపడి ఉంటుంది.

పన్ను చట్టానికి వీసా, టికెట్టు పట్టవు. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపు దేశంలో ఎన్ని రోజులున్నారన్నదే దానికి కావాలి. ఉద్యోగం కోసం దేశం వదిలే భారత పౌరుడు ఆ ఏడాది 182 రోజుల కన్నా తక్కువ ఇక్కడుంటే నాన్ రెసిడెంటు. 2026 ఏప్రిల్ నుంచి పాత 1961 చట్టం స్థానంలో 2025 నాటి కొత్త చట్టం అమలు. సెక్షన్ల నంబర్లు మారాయి గానీ ఈ గీత కదల్లేదు. ఏప్రిల్ నుంచి ఇక్కడే ఉన్నవాళ్ళకి అది సెప్టెంబరు ఆఖర్లో పడుతుంది. ఆగస్టులో విమానం ఎక్కినవాడు అక్కడ సంపాదించే జీతం మీద ఇక్కడ పన్ను లేదు. దసరా చూసుకుని వెళ్దామని అక్టోబరు దాకా ఆగినవాడు మాత్రం ఆ ఏడాదికి పూర్తి రెసిడెంటే. మార్చి దాకా అక్కడొచ్చిన జీతం కూడా ఇక్కడి రిటర్నులో చూపాలి. అక్కడ కట్టిన పన్ను తగ్గించమని ఇంకో ఫారం పెట్టాలి. పండక్కి ఆగడం తప్పేం కాదు. అలా ఆగినందుకు ఎంత ఖర్చవుతుందో తెలిసి ఆగితే చాలు.

రిఫండు ఎక్కడ పుడుతుందో ఒక లెక్క చూద్దాం. ఏడాదికి 18 లక్షల జీతమున్న అమ్మాయి 2025 ఆగస్టు నెలాఖరున ఉద్యోగం మానేసి వెళ్ళిందనుకోండి. కొత్త పన్ను విధానంలో, పన్నెండు నెలలూ పనిచేస్తుందన్న అంచనాతో కంపెనీ నెలకు సుమారు 12,500 కోస్తూ వచ్చింది. అయిదు నెలలకు 62 వేల పైచిలుకు. నిజంగా చేతికొచ్చిన జీతం ఏడున్నర లక్షలే. దాని మీద పడే పన్ను 14,300. చివరి నెలలో కంపెనీ కాస్త సర్దినా మిగతాది రిటర్ను వేసి తెచ్చుకోవలసిందే. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఏడాది మొత్తానికి ఇదే ఏడున్నర లక్షలు వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళకి రిబేటు వర్తించి పన్ను సున్నా అవుతుంది. నాన్ రెసిడెంటుకి ఆ రిబేటు ఇవ్వరు. ఆ 14,300 అందుకే.

రిటర్ను వెయ్యడమూ తేలిక కాదు. అందరికీ అలవాటైన సహజ్, అంటే ఐటీఆర్-1, నాన్ రెసిడెంట్లకు పనికిరాదు. జీతం, బ్యాంకు వడ్డీ తప్ప ఏమీ లేకపోయినా ఐటీఆర్-2 తియ్యాలి. వేశాక ముప్పై రోజుల్లో ధ్రువీకరించాలి. సులువైన దారి ఆధార్ ఓటీపీ, అది వచ్చేది ఇండియా నంబరుకి. ఆ సిమ్ము విజయవాడలోనో వరంగల్లోనో నాన్న పాత ఫోన్లో ఉంటుంది.

“నాన్నా, ఓటీపీ వచ్చిందా?”

“వచ్చిందిరా, ఉండు, కళ్ళజోడు ఎక్కడ పెట్టానో...”

ఇటు తెల్లవారుజాము, అటు సాయంత్రం, ఓటీపీకి కాలపరిమితి. సిమ్ము రీఛార్జి మర్చిపోతే నంబరే పోతుంది. జీతం లేని గుమాస్తాగిరీ చేస్తున్న ఇలాంటి నాన్నలు మన వీధికొకరైనా ఉంటారు. వాళ్ళకి ఈ పని చిరాకు కాదు. పిల్లలు ఫోన్ చెయ్యడానికి అదో వంక. అయినా ఒక ప్రభుత్వ వ్యవస్థ నడవడానికి పెద్దాయన నిద్ర లేవాల్సి రావడం ఏ రకంగానూ మెచ్చుకోదగ్గది కాదు.

తర్వాతి అడ్డంకి బ్యాంకు. విదేశీ మారక చట్టం ప్రకారం దేశం వదిలి స్థిరపడినవాళ్ళ పొదుపు ఖాతాని నాన్ రెసిడెంటు ఖాతాగా, అంటే ఎన్నార్వోగా మార్పించాలి. చాలామంది చెప్పరు, బ్యాంకూ అడగదు, అలా ఏళ్ళు నడిచిపోతుంది. మార్చుకున్న నిజాయితీపరుడికి దక్కేది ఇది: వడ్డీ మీద సెస్సుతో కలిపి 31.2 శాతం కోత. లక్ష రూపాయల డిపాజిట్ వడ్డీ వస్తే 31,200 మొదటే పోతుంది. ఇక్కడ వేరే ఆదాయం లేకపోతే కట్టాల్సిన పన్ను సున్నా కాబట్టి ఆ మొత్తం తిరిగి రావాలి. అంటే ఏటా రిటర్ను, ఏటా ఓటీపీ. ఆలస్యానికి నెలకు అర శాతం వడ్డీ ఇస్తారు. ఆ వడ్డీ మీదా పన్ను ఉంది లెండి.

అసలు పెద్ద దెబ్బ ఫ్లాటు అమ్మకంలో. యాభై లక్షలకు కొన్న ఫ్లాటు కొన్నేళ్ళ తర్వాత తొంభైకి పోయిందనుకుందాం. లాభం 40 లక్షలు, దాని మీద పన్ను సెస్సుతో 5.2 లక్షలు. కానీ అమ్మేది నాన్ రెసిడెంటు అయితే కొనేవాడు మొత్తం 90 లక్షల మీద కోసి కట్టాలి. అది 12 లక్షలు దాటుతుంది. తేడా ఏడు లక్షల పైనే; రిటర్ను వేసి, అది తేలేదాకా ఖజానాలో కూర్చుంటుంది. లాభం మీదే కొయ్యమని పన్ను అధికారి నుంచి ముందుగా సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. కాకపోతే దానికి వారాలు పడతాయి, కొనేవాడు ఆగడు.

2023 జూన్ ఆఖరు తర్వాత జరిగింది చూడండి. ఆధార్‌తో జతపరచని పాన్‌లు పనిచెయ్యకుండా పోయాయి. నాన్ రెసిడెంట్లకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. ఉన్నా, పోర్టల్లో తమ హోదా మార్చుకోనివాళ్ళ పాన్‌లు చాలా ఆగిపోయాయి, వాటితో రిఫండ్లూ నిలిచాయి. తాము దేశంలో లేమని పాస్‌పోర్టు పేజీలతో అధికారికి నిరూపించుకోవలసి వచ్చింది. ఆ పేజీల మీద ముద్ర కొట్టింది మాత్రం ప్రభుత్వమే.

ఎవరి జీతం ఎంతో, ఏ బ్యాంకులో ఎంత వడ్డీ పడిందో శాఖే రిటర్నులో ముందుగా నింపి పెడుతోంది. మెచ్చుకోవాల్సిన మార్పు అది. ఇంత చేసినవాళ్ళు ఉద్యోగం మానే రోజున “దేశం వదిలి వెళ్తున్నారా?” అని ఒక్క ప్రశ్న కలిపితే, పాన్ హోదా, చిరునామా, విదేశీ నంబరు అక్కడికక్కడే మారిపోతాయి. ఓటీపీ డల్లాస్‌కే వెళ్తుంది. అప్పటిదాకా ఈ పనులు ఇంటివాళ్ళు ప్రయాణానికి ముందే చేసుకోవాలి. ప్రయాణానికి మెడికల్ షాపులో మందులు కొనడం కన్నా ఎక్కువ సమయమేమీ పట్టదు.

అమెరికా నుంచి తిరిగొచ్చేవాళ్ళకీ ఈ బాధ ఉంది. పాత యజమాని జనవరి 31 లోపు పంపే జీతం పత్రం, డబ్ల్యూ-2, ఖాళీ చేసిన అపార్ట్‌మెంటుకి వెళ్తుంది. అక్కడ చదువుకున్న మన విద్యార్థులకి 1989 నాటి భారత్-అమెరికా పన్ను ఒప్పందం ఒక మేలు చేసింది: మిగతా దేశాల విద్యార్థుల్లో చాలామందికి లేని స్టాండర్డ్ డిడక్షన్ వాళ్ళకుంది. తెలియక వదులుకున్నవాళ్ళు మూడేళ్ళ లోపు సవరించి అడగొచ్చు. 2025 సెప్టెంబరు 30 నుంచి అక్కడి ప్రభుత్వం కాగితపు చెక్కులు తగ్గించుకుంటూ వస్తోంది కాబట్టి, రిఫండు పడేదాకా అక్కడి బ్యాంకు ఖాతా ఒకటి మూయకుండా ఉంచుకోవడం మేలు.