భూమి జ్వరము – మన పరిహాసము

“మొన్నటి పుష్యమాసమున ముషీరాబాదు చలికి వణకినది, భూమి వేడెక్కుచున్నదను మాట యేమాయెను?” అని చిక్కడపల్లి గ్రంథాలయము మెట్లపై ఒక మిత్రుడు మమ్ము పరిహసించెను. చదువుకొన్నవారి నోట ఈ మాట వినుట మాకు చలికంటె నెక్కువ బాధ కలిగించినది.

ఒక పేట చలిని చూచి భూగోళమునకు తీర్పు చెప్పవచ్చునా? శాస్త్రజ్ఞులు చేయు పని వేఱు. బేగంపేటవంటి వేలకొలది కేంద్రములలో ఎండ సోకని, గాలియాడు చోట ఉష్ణమాపకము నుంచి నిత్యము లెక్క వ్రాయుదురు. ప్రతిచోటను ఆ చోటి పాత సగటుకంటె ఎంత హెచ్చెనో, ఎంత తగ్గెనో చూచి, ఆ భేదములను భూతలమంతటికిని సమకూర్తురు. ఆ లెక్కచొప్పున 2024వ సంవత్సరము 1850–1900 నాటి సగటుకంటె సుమారు ఒకటిన్నర డిగ్రీలు వేడి.

“ఇది నగరములలోని సిమెంటు వేడి” యందురు. నారాయణగూడలో సిమెంటు వేడి కలదని మేమును ఒప్పుకొందుము. కాని నడిసముద్రమున మేడ లెవరు కట్టిరి? భూమిపై నిలిచిపోవుచున్న అధికపు వేడిలో నూటికి సుమారు తొంబది పాళ్లు సముద్రములే మ్రింగుచున్నవి.

“లెక్కలు దిద్దిరి” అని మఱియొక నింద. దిద్దిన మాట నిజమే. ఏల దిద్దిరో వినుడు. పూర్వము ఓడవారు బొక్కెనతో నీరు చేది వేడి చూచెడివారు. చేదునంతలో నీరు చల్లబడెడిది. ఆ లోటు సరిపెట్టగా పాతకాలపు సముద్రము వ్రాసినదానికంటె వెచ్చనిదని తేలెను. అనగా, దిద్దుబాట్లవలన మొత్తముమీద భూమి వేడి పెరుగుదల కొంత తగ్గినదేగాని హెచ్చలేదు!

నేడు బొక్కెనతో పనిలేదు. ఆర్గో యను తేలెడి యంత్రములు సుమారు నాలుగువేలు సముద్రములందు సంచరించుచున్నవి. ఒక్కొక్కటి పదిదినముల కొకమాఱు రెండువేల మీటర్ల లోతునకు దిగి, వేడిని, ఉప్పదనమును కొలుచుచు పైకివచ్చి, ఉపగ్రహమునకు వార్త నంపును. మనదేశపు ఆర్గోల లెక్కలను చూచు ఇన్‌కాయిస్ సంస్థ 1999లో స్థాపితమై మన హైదరాబాదుననే యున్నది. సముద్రములేని యూర కూర్చుండి సముద్రపు నాడి చూచువారు మన పొరుగువారే. వారి మాట పెడచెవిని బెట్టి మెట్లపై వేళాకోళ మాడుట మనకు తగునా?

ఈ పరిహాసమునకు వెల చెల్లించునది మేము కాము, ఆ మిత్రుడును కాడు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రములందును వడదెబ్బకు వేయిమందికి మించి మరణించిరి. అట్టి యెండలలో నీడ దొరకక పనిచేయువారు కూలివారు, ముదుసలులు.

బిడ్డకు జ్వరమన్న నమ్మి వైద్యుని పిలుతుము. భూమికి జ్వరమన్న నవ్వుదుము. ఉష్ణమాపకము రెంటికిని ఒక్కటే. మారవలసినది మన బుద్ధి.