సెమిస్టర్ అయిపోయింది సరే, మనవాళ్లు ఎంతమంది మిగిలారు?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

సెమిస్టర్ చివరికి వచ్చిందంటే యూనివర్సిటీల పేజీల్లో ఒకటే సందడి. ఎన్ని సెమినార్లు పెట్టారు, ఎవరితో ఎంఓయూ కుదిరింది, ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం ఎలా చేశారు, నవంబర్ 15న బిర్సా ముండా జయంతి ఎలా చేశారు. ఫోటోల్లో మన పిల్లలే ఉంటారు, కాళ్లకు గజ్జెలు కట్టుకుని. చూడ్డానికి బాగుంటుంది, నేనూ లైక్ కొడతాను. కాకపోతే ఆ లిస్టులో నాకెప్పుడూ కనపడని లెక్క ఒకటుంది. మొదట్లో చేరిన మన పిల్లల్లో సెమిస్టర్ పరీక్ష రాసింది ఎంతమంది? ట్రైబల్ అని పేరు పెట్టుకున్న యూనివర్సిటీకి మొదటి ఘనత అదే కావాలని నా అభిప్రాయం.

ఈ యూనివర్సిటీలు ఊరికే రాలేదు. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూల్లో రాసిన హామీ అది. ఆంధ్రాకి 2019లో చట్టం వచ్చింది, విజయనగరం దగ్గర కొండకరకంలో పాత పీజీ క్యాంపస్‌లో క్లాసులు మొదలయ్యాయి. శాశ్వత క్యాంపస్‌కి 2023 ఆగస్టు 25న శంకుస్థాపన జరిగింది. తెలంగాణకి ఇంకా ఆలస్యం. సమ్మక్క సారక్క యూనివర్సిటీ బిల్లు పార్లమెంటు దాటేసరికి 2023 డిసెంబర్ అయింది, ములుగు జిల్లా జాకారంలో యువజన శిక్షణ కేంద్రం బిల్డింగులో మొదలుపెట్టారు. 889 కోట్లు అన్న అంకె మనలో చాలామందికి నోటికొచ్చు. ఇన్నేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్నాం కాబట్టి లోపల ఏం జరుగుతుందో అడిగే హక్కు కూడా మనదే.

"ట్రైబల్ యూనివర్సిటీ అంటే సీట్లన్నీ మనకే కదా" అని ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు. కాదు తమ్ముడూ. సెంట్రల్ యూనివర్సిటీ కాబట్టి దేశమంతా పోటీకి వస్తుంది, సీయూఈటీ రాయాలి. కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్టీలకు 2006 చట్టం పెట్టిన వాటా 7.5 శాతం. పేరులో ట్రైబల్ ఉన్నంత మాత్రాన ఆ అంకె దానంతట అదే పెరగదు. సీయూఈటీని తెలుగులో కూడా రాయొచ్చు, ఆ సంగతి తెలియని పిల్లలు గురుకులాల్లో ఉన్నారు. అప్లికేషన్ పెట్టేది నెట్ సెంటర్ అన్న, ఆయన ఇంగ్లీష్ అని నొక్కేస్తాడు. అంతే.

సరే, అన్నీ దాటి సీటు తెచ్చుకున్నాడనుకుందాం. ఇంట్లో కోయ, లేదంటే కువి, లేదంటే సవర. బడిలో తెలుగు. ఇక్కడ పాఠం ఇంగ్లీషులో, అంటే మూడో భాష. వెనక బెంచీలో కూర్చుని తల ఊపుతాడు, సార్ అర్థమైందనుకుంటాడు. స్కాలర్‌షిప్ పడేదాకా మెస్ బాకీ. ఇంటికి ఫోన్ చేద్దామంటే, వాళ్ల ఊళ్లో కొండెక్కితే గానీ సిగ్నల్ రాదు. రెండో నెలలో ఒకరోజు బ్యాగు సర్దుకుంటాడు, "జ్వరంగా ఉందన్నా, ఊరెళ్లొస్తా" అంటాడు. ఇక రాడు. నేను చదివిన చోట (పేరు ఎందుకులెండి) ఇలా పోయినవాళ్లు రిజిస్టర్లో కొన్నాళ్లు ఆబ్సెంట్, తర్వాత డిటైన్డ్. ఎందుకు పోయాడని ఊరికి ఒక్క ఫోన్ వెళ్లగా నేను చూడలేదు.

హాజరు దగ్గరే నాకు కడుపు మండేది. 75 శాతం ఉండాలంటారు, ఉండాల్సిందే, కాదనను. కానీ క్యాలెండర్ ఎవరిది? ఆదిలాబాద్ గోండు పిల్లాడికి దీపావళి ఒక్కరోజు సెలవుతో అయిపోయే పండుగ కాదు. ముందునుంచే రోజుల తరబడి దండారీ నడుస్తుంది, ఊరు ఊరే ఇంకో ఊరికి విడిదికి వెళ్తుంది. గుస్సాడీ వేసినవాడు ఆ నియమాలు మధ్యలో వదిలేసి ఇంటర్నల్ పరీక్షకని బస్సెక్కలేడు. మార్లవాయి కనకరాజు గారికి ఆ గుస్సాడీకే 2021లో పద్మశ్రీ ఇచ్చారు. దేశం పద్మశ్రీ ఇచ్చిన విద్యకి క్లాసులో అటెండెన్స్ పడదు! అల్లూరి జిల్లా వైపు ఇటుకల పండుగ చైత్రంలో, రెండో సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడే టైముకి వస్తుంది. మేడారం అంటే లోకమంతా కదులుతుంది కాబట్టి ఎలాగోలా దారి దొరుకుతుంది. మారుమూల గూడెంలో కొత్తల పండుగకి ఎవరాగుతారు? అదే పిల్లాడు తిరిగి రాగానే "చీఫ్ గెస్ట్ వస్తున్నారు, మీవాళ్లు పదిమంది థింసా వేయాలి" అంటారు. ఆ రోజు ఎన్ని క్లాసులు పోయినా ఆన్‌డ్యూటీ రాస్తారు.

చదువుకోడానికొచ్చారా పండుగలకొచ్చారా అని మన గ్రూపులోనే కొందరంటారు. మార్కుల్లో సడలింపు నేనడగట్లేదు. ఏ తెగ పిల్లలకి ఏ పండుగో సెమిస్టర్ మొదట్లోనే రాయించుకుని నాలుగైదు రోజులు సెలవు ఇవ్వండి, తప్పిపోయిన ఇంటర్నల్ మళ్లీ పెట్టండి అంటున్నాను. దీనికి కోట్లు అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

మంచి జరగట్లేదని కాదు. గుంజాల గోండి లిపినే చూడండి. నార్నూర్ మండలం గుంజాల ఊళ్లో పెద్దలు దాచుకున్న రాతప్రతుల మీద హైదరాబాద్ యూనివర్సిటీ వాళ్లు పనిచేశారు, 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది. ఊరికి పనికొచ్చిన ఘనత అంటే అదీ. ఇంకోటి, ఏ రిపోర్టులోనూ రానిది: హాస్టల్ రూమ్. బయట మన తెగల మధ్య ఉన్న గొడవలు అందరికీ తెలుసు, వాటి మీద ఇక్కడ కామెంట్ల యుద్ధాలు కూడా చూశాం. రూమ్‌లో మాత్రం కోయ పిల్లాడు, లంబాడీ పిల్లాడు, జాతాపు పిల్లాడు ఒకే పచ్చడి డబ్బా చుట్టూ కూర్చుంటారు. రాత్రి పదకొండుకి సీనియర్ అక్క జూనియర్లకి ఎకనామిక్స్ తెలుగులో చెప్తుంటుంది. ఆమెకి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు. సెప్టెంబర్‌లో బ్యాగు సర్దుకోవాల్సినవాళ్లలో ఇద్దరు ముగ్గురు ఆగిపోయారంటే ఆమె వల్లే.

అందుకని ఈ సెలవుల్లో ఒక పని చేద్దాం. కొండకరకంలో, ములుగులో, ఉస్మానియాలో, కేయూలో, ఏయూలో, అమర్‌కంటక్‌లో ఎక్కడున్నా సరే, మీ డిపార్ట్‌మెంట్‌లో మనవాళ్లు ఎంతమంది చేరారు, ఎంతమంది పరీక్ష రాశారు, రెండే రెండు అంకెలు కింద కామెంట్లో పెట్టండి. పేర్లు వద్దు. మధ్యలో వెళ్లిపోయినవాళ్ల ఊరు మీకు దగ్గరైతే ఒకసారి వెళ్లి కలవండి, ఫోన్ కాదు, మనిషే వెళ్లాలి. ఫీజు సమస్యా, భాష సమస్యా, ఇంటి దగ్గర పనా అడిగి తెలుసుకోండి. కొత్త సెమిస్టర్ రీ-అడ్మిషన్ గడువు లోపల ఆ లెక్క పట్టుకుని ఎక్కడికక్కడ రిజిస్ట్రార్‌ని కలుద్దాం. రాగలిగినవాళ్లు చెప్పండి.