మన నీళ్లే మనకు దానమా?

సముద్రం వారగా ఉన్న మన పల్లెల్లో ఈమధ్య దాతలు ఎక్కువైనారు. మంచినీళ్ల ప్లాంటు మీద ఒక కంపెనీ పేరు, బస్సు షెల్టరు మీద ఇంకో కంపెనీ పేరు, బడిపిల్లల సంచుల మీద మరో పేరు. తుఫాను వచ్చిందంటే సినిమా హీరో చెక్కు ఇస్తున్న ఫొటో పత్రికల్లో పడుతుంది. ఇదంతా ఔదార్యమేనా? పుచ్చుకునేవాడు చేతులు కట్టుకొని నిలబడాల్సిందేనా? సంఘంలోని కుర్రాళ్లు ఇదంతా నాటకమంటారు. పెద్దవాళ్లు, పెట్టేవాణ్ణి తిట్టగూడదబ్బాయ్, అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది గనక కాస్త తీరిగ్గా ఆలోచించవలసిన విషయమే.

ఇట్లా ఇవ్వడం మనకు కొత్తేమీ కాదు. పాతరోజుల్లో కళ్లంలో కొలతలన్నీ అయిపోయాక ఆసామి పాలేరు ఒళ్లో నాలుగు దోసిళ్ల వడ్లు అదనంగా పోసేవాడు. సంక్రాంతికి పంచె, ఇంటి ఆడమనిషికి రైకగుడ్డ. ఏడాది పొడుగునా కయ్యల్లో దిగబడి చేసిన చాకిరీకి ఎంత రావాలో ఎవరూ లెక్క గట్టలేదు గాని, పంచె మాత్రం అందరికీ గుర్తుండేది. కూలి పెంచమని నోరెత్తితే, "మొన్న పండక్కి బట్టలు పెట్టింది అప్పుడే మర్చిపోయినావా?" అనేవాడు. ఆ పంచె ఖరీదెంతో ఆసామికి బాగా తెలుసు. కూలి పెంచడం కంటే అది ఎప్పుడూ చౌకే.

ఈ తేడా మన జిల్లాలో అందరికంటే ముందు గ్రహించినవారు కామ్రేడ్ పుచ్చలపల్లి సుందరయ్య. అలగానిపాడులో భూస్వామి కుటుంబంలో పుట్టారు. కులాన్ని చెప్పే రెడ్డి అనే తోకను పేరులోనుంచి తీసేశారు. కుర్రతనంలో ఊళ్లో కూలీల కోసం బడి పెట్టారు, సరుకులు చౌకగా దొరికే అంగడి పెట్టారు. అవి మంచి పనులే. అయితే ఆయన అక్కడితో ఆగలేదు. అదే ఊరినుంచి వ్యవసాయ కూలీలను సంఘంగా నిలబెట్టారు, కూలి రేట్ల కోసం పోరాడారు, తన వాటా ఆస్తిని ఉద్యమానికి ఇచ్చేశారు. చౌక అంగడి పెట్టినందుకు తోటి ఆసాములకు ఆయన మీద పెద్దగా కోపం వచ్చి ఉండదు. కూలీల సంఘం పెట్టినందుకు వచ్చింది. ఇచ్చినవాడు నిజంగా ఏం వదులుకున్నాడో తెలుసుకోవాలంటే, వాడి తోటివాళ్లకు కోపం వచ్చిందా లేదా అని చూడండి. ఇంతకంటే తేలికైన కొలత మాకు తెలియదు.

సినిమావాళ్ల సంగతి ముందు చూద్దాం. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచింది. వేలమంది కొట్టుకుపోయారు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి నటులు వీధుల్లోకి వచ్చి జోలె పట్టి విరాళాలు పోగు చేశారు. జోలెలో పడింది జనం డబ్బు. అడిగిన ముఖం హీరోది, ఇచ్చిన చెయ్యి మామూలు మనిషిది. అయినా కష్టంలో ఉన్నవాడి కోసం ఎండలో నడిచారు గదా, అందులో వంక పెట్టాల్సిన పని లేదు.

2020 జులైలో చిత్తూరు జిల్లా నుంచి ఒక వీడియో దేశమంతా తిరిగింది. ఎద్దులు లేని రైతు ఒకాయన తన ఇద్దరు కూతుళ్లను కాడికి కట్టి దుక్కి దున్నుతున్నాడు. లాక్‌డౌన్‌లో బతుకుతెరువు పోయి ఊరికి చేరిన కుటుంబం అది. నటుడు సోనూ సూద్ ఎద్దులు పంపిస్తానన్నాడు, ఆపైన మాట మార్చి ఏకంగా ట్రాక్టరే పంపించాడు. మరుసటి ఏడాది మే నెలలో, ఆసుపత్రుల్లో ఊపిరాడక జనం చచ్చిపోతుంటే, ఆక్సిజన్ ప్లాంట్లు పెట్టిస్తానని అదే నటుడు ప్రకటించాడు. ముందుగా పెట్టే వాటిలో కర్నూలు ప్రభుత్వాసుపత్రితో పాటు మన నెల్లూరు జిల్లా ఆత్మకూరు ఆసుపత్రి పేరు కూడా ఉంది.

దీన్ని ఎగతాళి చేసేవాళ్లతో మేం ఏకీభవించం. గుక్క తిప్పుకోలేని మనిషి ముక్కు దగ్గరికి గాలి తెచ్చినవాడి కులగోత్రాలు అడిగే పని లేదు. మా ప్రశ్న ఆ నటుడికి కాదు. ఒక జిల్లా ఆసుపత్రి గాలి కోసం బొంబాయి నటుడి ట్విట్టర్ వైపు చూడాల్సిన గతి ఎందుకొచ్చిందని ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. అట్లాగే ఆ ట్రాక్టరు. వీడియో తీసేవాడు ఆ గెనెం మీదుగా పోయాడు గనక ఆ ఇంటికి వచ్చింది. ఎవరి ఫోనులోనూ పడని కయ్యల్లో ఆ ఏడాది దుక్కి దున్నింది ఎవరు? ఇచ్చేవాడి చూపు పడ్డచోట వాన, పడనిచోట ఎండ. ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైనప్పుడు అడిగిన 15 రోజుల్లో పని చూపాలి, చూపకపోతే భృతి ఇవ్వాలి అన్న షరతు ఉంది. అందులో ఎవరి దయా లేదు, వీడియో అక్కర్లేదు. అమలులో ఎన్ని దొంగ మస్టర్లు పడ్డా కూలివాడు తల ఎత్తి "నా పని ఏది?" అని అడిగాడు. ట్రాక్టరు కోసం అట్లా అడగగలడా?

ఇక కంపెనీలు. వీళ్ల విషయంలో అంత మెత్తగా ఉండాల్సిన పని లేదు, ఎందుకంటే వీళ్లు చేసేదాన్ని దానం అనడమే తప్పు. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ఉంది. 500 కోట్ల నికర ఆస్తి గాని, 1000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ గడిచిన మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. అంటే మీ ఊరి నీళ్ల ప్లాంటుకు రిబ్బను కత్తిరించే మేనేజరు చట్టం చెప్పిన పని చేస్తున్నాడు. ఇంటిపన్ను కట్టినవాడికి ఎవరైనా పూలదండ వేస్తారా?

పైగా లెక్క చూడండి. 2019 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం, మినహాయింపులు వదులుకున్న కంపెనీలకు మూల పన్నును 30 శాతం నుంచి 22కు దించింది. కొత్తగా పెట్టే ఫ్యాక్టరీలకైతే 15కే. ఏటా లక్షా 45 వేల కోట్ల రూపాయల రాబడి పోతుందని ఆనాడు చెప్పింది మేం కాదు, ప్రభుత్వమే. నూరు రూపాయల లాభం మీద 30 కట్టేవాడు 22 కడితే 8 మిగిలింది. అందులో 2 రూపాయలు తీసి ఊరికి పెట్టాడు. మిగతా 6 జేబులో ఉన్నాయి, ఊళ్లో బోర్డూ ఉంది. దేశంలోని కంపెనీలన్నీ కలిసి ఈ పద్దు కింద 2022-23లో ఖర్చు పెట్టింది సుమారు 30 వేల కోట్లే. పన్నుగా వచ్చి ఉంటే ఆ డబ్బు ఆసుపత్రికో, కాలువ పూడికకో పోయేది. ఎక్కడికి పోవాలో శాసనసభలో అయినా కొట్లాడి ఉండేవాళ్లం. ఇప్పుడు ఎక్కడ పెట్టాలో కంపెనీ డైరెక్టర్లు నిర్ణయిస్తారు. ఇంకో ముచ్చట. 2020లో కరోనా వచ్చినప్పుడు పీఎం కేర్స్ నిధికి ఇస్తే ఈ 2 శాతం పద్దులో వేసుకోవచ్చన్నారు. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇస్తే కుదరదన్నారు! రాష్ట్రాల మీద ఉన్న ప్రేమ అట్లాంటిది.

ఇంతకీ మన తీరానికి నీళ్ల దాతలు ఎందుకు అవసరమైనారు? 1990లలో బకింగ్‌హాం కాలువ పొడుగునా రొయ్యల గుంటలు తవ్వారు. సముద్రపు నీళ్లు తోడి పోశారు. పక్కనున్న వరి కయ్యలు చవుడు బారినాయి, బావులు ఉప్పెక్కినాయి. మన జిల్లాలోని కుర్రు గ్రామంలో బెస్తవాళ్లకు తాగడానికి చుక్క లేకుండా పోయింది. ఆడవాళ్లు తిరగబడితే ట్యాంకర్లతో నీళ్లు పంపారు. ఆ సంగతి సుప్రీంకోర్టు దాకా పోయి తీర్పులోకే ఎక్కింది. ఒకరు బావిని చెరిపి, ట్యాంకరు పంపిస్తే దాన్ని ఏమనాలి? అప్పులో చిల్లర తిరిగిచ్చినట్టు. అసలు అట్లాగే ఉంది, వడ్డీ అట్లాగే ఉంది.

ఆ కేసు వేసింది ఎస్. జగన్నాథన్ అనే తమిళనాడు సర్వోదయ నాయకుడు. వినోబా వెంట భూదానం కోసం తిరిగిన మనిషి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడంతో భూదానం మొదలైంది. ఆపైన అనేకమంది ఆసాములు ఇచ్చింది రాళ్లూ రప్పలూ, తగాదాల్లో ఉన్న నేలలూ అన్నది వేరే కథ. మనసు కరిగించి భూమి అడిగిన ఆ ఉద్యమంలో పండిపోయిన పెద్దమనిషి, తీరానికి వచ్చేసరికి దానం అడగలేదు. కోర్టుకెక్కి నష్టపరిహారం అడిగాడు. 1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్దీప్ సింగ్ బెంచి తీర్పు చెప్పింది. తీర నియంత్రణ మండలంలో ఉన్న రొయ్యల చెరువులు పడగొట్టాలి. చెడగొట్టినవాడే నష్టం పూడ్చాలి. పని పోయే కార్మికులకు చట్టప్రకారం వచ్చేది గాక, అదనంగా ఆరేళ్ల జీతం ఇవ్వాలి. ఆరేళ్ల జీతం! ఏ దాతా తన ఇష్టంతో ఇంత ఇచ్చిన దాఖలా మాకు కనపడలేదు. ఆ తీర్పు అమలు కానిచ్చారా? 1997లోనే రాజ్యసభలో బిల్లు పెట్టారు. చివరికి 2005లో తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి రొయ్యల చెరువులను ఆ నిషేధం నుంచి బయటపడేశారు. కూలివాడికి హక్కుగా రావలసింది పోయింది. నీళ్ల ప్లాంటు వచ్చింది.

నీళ్ల ప్లాంటు వద్దని మేం అనడం లేదు. బిందె పట్టుకెళ్లి నీళ్లు తెచ్చుకోండి, పిల్లలకు తాపండి. దండం మాత్రం పెట్టకండి. ఎందుకంటే దండం పెట్టినచోట అడిగే నోరు మూసుకుంటుంది. ఇంకొకటి కూడా ఉంది. కృష్ణపట్నం రేవు 2008లో మొదలై, 2020, 2021లలో వాటాలు అదానీ చేతికి మారింది. ఇట్లా చేతులు మారినప్పుడు అప్పులు, కౌళ్లు, ఒప్పందాలు కాగితం మీద ఉంటాయి గనక కొన్నవాడి మెడకు చుట్టుకుంటాయి. నోటిమాటగా పెట్టిన దానం కొత్త యజమానికి చుట్టుకోదు. రేపు ప్లాంటు మోటారు కాలిపోతే ఎవరి గుమ్మం ముందు కూర్చోవాలి?

అందుకే మన కార్యకర్తలు కాగితాలు చదవడం నేర్చుకోవాలి. ఏ చట్టం కింద అయినా తప్పనిసరిగా చేయాల్సిన పనిని ఈ 2 శాతం పద్దులో చూపించగూడదని నిబంధన ఉంది. కంపెనీ తన ఖర్చు లెక్క వార్షిక నివేదికలో పెట్టి తీరాలి. ఫ్యాక్టరీకి పర్యావరణ అనుమతి ఇచ్చినప్పుడు పెట్టిన షరతులను ఎంతవరకు పాటించిందో ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. ఊళ్లో చదువుకున్న పిల్లల చేత ఈ రెండూ తీయించి పక్కపక్కన పెట్టండి. షరతు కింద చేయాల్సిన పని దానం పద్దులో కనపడితే ఆ పేజీ గ్రామసభలో బిగ్గరగా చదివించండి. బావులు ఎప్పటినుంచి ఉప్పెక్కినాయో, ఎన్ని ఎకరాల కయ్యలు బీడు పడ్డాయో, ఎన్ని పనిదినాలు పోయాయో యానాది కాలనీ నుంచి, బెస్తపాలెం నుంచి, మాలమాదిగ పల్లెల నుంచి ఇంటింటికీ రాసుకోండి. తీర్మానంలో సహాయం అనే మాట రానీయకండి, నష్టపరిహారం అని రాయించండి. ఆ తీర్మానం నకలు కలెక్టరుకు ఒకటి, కాలుష్య నియంత్రణ మండలికి ఒకటి, సంఘం ఆఫీసుకు ఒకటి పంపండి.