మరమ్మతను మాట

అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రమున, ప్యూజెట్ సౌండను సముద్రపు పాయలో, కొయ్యస్తంభములపై నిలిచిన పాతవంతెనలకును రేవుకట్టలకును మరమ్మతు నిత్యవ్యవహారము. అచటి తీరసంరక్షణ శాసనము 1971లో పుట్టినది. 1972లో ప్రజలే వోటుచేసి దానిని స్థిరపరచిరి. తీరమున పెద్దపని తలపెట్టువారు అనుమతి పొందవలెను. సామాన్యమగు మరమ్మతునకు మాత్రము మినహాయింపు గలదు. మినహాయింపు దొరికినచోట వకీలునకు పండుగయే గదా! కాని తీరమునకు విశేషహాని కలిగించు మరమ్మతు ఆ మినహాయింపులోనికి రాదని నిబంధనలే చెప్పుచున్నవి. పరీక్షింపక హాని లేదని యెట్లు తెలియును?

ఇది మాటల పట్టింపు గాదు. ఓడపురుగు కొయ్యను తొలువకుండ ఆ స్తంభములకు పూర్వులు రాక్షసిబొగ్గు తారునుండి తీసిన క్రియోసోటు నూనె పట్టించిరి. ఆ విషము ఏండ్లు గడచినను విడువదు. హెర్రింగు చేపలు అట్టి కొయ్యకు అంటించిన గ్రుడ్లు పిల్లలు గాకయే చెడుచున్నవని పరిశోధకులు కనుగొనిరి. కనుక తీసివేయుట మంచిదే. అయినను పెరుకునపుడు స్తంభము విరిగినచో తారు బురదలో కలియును. రంపపు పొట్టు నీట తేలును. బదులుగా ఇనుపస్తంభమును సమ్మెటతో దిగగొట్టినచో ఆ ధ్వనికే చేపలు చావవచ్చును. వంతెనను వెడల్పుచేసిన, నీడపడి నీటియడుగు గడ్డి నశించును. చేపపిల్లలకు అదియే తొట్టిల.

మాకు తోచు చిక్కు వేరొకటి కలదు. ఈ యేడు పది స్తంభములు, మరుయేడు పది మార్చినచో, ప్రతి దరఖాస్తును విడిగా చూడ స్వల్పమే. కొన్నియేండ్లకు వంతెన యంతయు క్రొత్తదగును. పరీక్ష మాత్రము ఒక్కమారైనను జరుగదు. ఇట్టి ముక్కల దరఖాస్తులను త్రోసిపుచ్చి, పనియంతయు నొక్కచో చూచి, బురదను ముందుగా పరీక్షింపించి, చేపలు గ్రుడ్లుపెట్టు మాసములను విడిచి, ఆ పిదపనే మొదటి స్తంభమును కదలింప ననుమతించుట అధికారుల విధి.