స్లో పెంచితే రోగం పోదు

ఈసారి పోస్టు మిర్చి రేటు గురించి కాదు, యూరియా గురించీ కాదు. మన ఇళ్ల ముందు వేపచెట్టు కింద నిలబడి ఉన్న చిన్న కార్ల గురించి. కొంచెం పొడుగే. మెకానిక్ పని చేసే తమ్ముళ్లకి కోపం కూడా వస్తుంది. రానివ్వండి, చివర్లో మనకీ ఉంది వాయింపు.

మన దగ్గర ఉన్నవి ఎక్కువగా సెకండ్ హ్యాండ్ ఆల్టోలు, పాత 800లు. వీటికి వచ్చే జబ్బు అందరికీ తెలిసిందే. రైల్వే గేటు దగ్గర ఆపుతాం. యాక్సిలరేటర్ మీద కాలు ఉండదు. ఇంజను మాత్రం ఒకసారి గుర్రుమని లేస్తుంది, మరుక్షణం చచ్చిపోతుందేమో అన్నట్టు పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. స్టీరింగు చేతిలో వణుకుతుంది. ఏసీ వేస్తే ఆగిపోతుంది. షెడ్డుకి తీసుకెళ్తే అక్కడ రెండే వైద్యాలు. ఒకటి, స్క్రూ తిప్పి స్లో పెంచడం. రెండు, "సెన్సర్ పోయిందన్నా, మార్చాలి" అనడం. బానెట్ ఎత్తి రెండు నిమిషాలు చెవి పెట్టి విన్నవాడు నాకైతే అరుదుగా కనపడ్డాడు.

నేననేది ఒకటే. కారణం చూడకుండా సెన్సర్ మారిస్తే డబ్బులు పోతాయి. కారణం చూడకుండా స్లో పెంచితే మనిషి పోయే ప్రమాదం ఉంది.

ఎలాగంటారా? మన భాషలోనే చెప్తా. కాలవ మీద ఆయిల్ ఇంజను పెట్టి నీళ్లు తోడతాం కదా. సక్షన్ పైపుకి ఎక్కడో చిన్న కన్నం పడితే ఏమవుతుంది? నీళ్లు ఒక తీరుగా రావు. ఒకసారి దబ్బున వస్తాయి, ఒకసారి గాలి కక్కుతుంది. అప్పుడు మనం ఇంజను రేసు పెంచి ఊరుకుంటామా? లేదు. పైపు పొడుగునా చెయ్యి పెట్టి చూసుకుంటూ పోయి, కన్నం దొరికాక సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కడతాం. కారు ఇంజను కూడా అంతే, అది గాలిని పీల్చుకుంటుంది. కాలు తీసేసినప్పుడు త్రాటిల్ మూసుకుని, పక్కనున్న సన్నని దారిలో లెక్క ప్రకారం గాలి వెళ్తుంది. ఆ లెక్క చూసేది లోపలి కంప్యూటర్. త్రాటిల్ తర్వాత ఏ రబ్బరు పైపుకో చీలిక పడి లెక్కలో లేని గాలి దూరితే రేసు పెరుగుతుంది. కంప్యూటర్ తగ్గించాలని చూస్తుంది, మరీ పెరిగితే పెట్రోలు కట్ చేస్తుంది. రేసు పడిపోతుంది, మళ్లీ పెట్రోలు ఇస్తుంది. ఆ లేవడం పడడం అంతా ఇదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ఆ రబ్బరు పైపుల్లో ఒకటి బ్రేకు బూస్టర్‌కి వెళ్తుంది. ఇంజను పీల్పు బలంతోనే మన బ్రేకు మెత్తగా పడుతుంది. ఆ పైపుకి కన్నం పడితే ఇంజను నిలకడ పోతుంది, దాంతోపాటు బ్రేకూ గట్టిపడుతుంది. నా బండికి జరిగింది అదే. వడ్ల బస్తాలున్న కొట్టం పక్కన పెట్టేవాణ్ణి. ఎలకలు వెచ్చదనానికి బానెట్‌లో దూరి ఆ పైపు కొరికాయి. నాకు తెలీదు. ఒక షెడ్డులో చూపిస్తే స్క్రూ తిప్పి, "స్లో సెట్ చేశా, ఇక ఆగదు" అన్నాడు. నిజంగానే ఆగలేదు! నేనూ సంతోషంగా డబ్బులిచ్చి వచ్చా. వారం తర్వాత కట్ట మీద గేదె అడ్డం వస్తే బ్రేకు తొక్కా. రాయి తొక్కినట్టుంది. రోడ్డు మీద ఎవరో ఆరబోసిన వడ్లలోకి పోయి ఆగింది బండి. పక్కన మా అమ్మ కూర్చుని ఉంది. రోడ్డు మీద వడ్లు పోసేవాళ్లని తిట్టే నేను ఆరోజు తిట్టలేదు.

బండి ఆగిపోతుంటే కనీసం భయపడి బాగు చేయించేవాణ్ణి. స్లో పెంచడం వల్ల ఆ హెచ్చరిక కూడా లేకుండా పోయింది. ఇంకో మాట, ఆ త్రాటిల్ స్క్రూ కంపెనీలో పెట్టి పంపిన కొలత. దాన్ని తిప్పితే త్రాటిల్ పూర్తిగా మూసుకోదు, కంప్యూటర్ లెక్క ఇంకా చెడిపోతుంది. పాత కార్బొరేటర్ బండికి స్లో స్క్రూ తిప్పడం పద్ధతే. ఇంజెక్షన్ బండికి అదే వైద్యం చేస్తామంటే ఎద్దు మందు కోడికి పోసినట్టు.

కాబట్టి ముందు బ్రేకు చూసుకోండి. రూపాయి ఖర్చు లేదు. ఇంజను ఆపేసి బ్రేకు పెడల్ నాలుగైదు సార్లు తొక్కండి, గట్టిపడుతుంది. కాలు అలాగే అదిమిపెట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగలేదంటే బండి తియ్యకండి, మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

తర్వాత వినండి. ఇంజను బాగా వేడెక్కాకే వినాలి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు రేసు ఎక్కువుండి మెల్లగా తగ్గడం జబ్బు కాదు. ఏసీ వేసినప్పుడు ఒక్క క్షణం పడి సర్దుకోవడం కూడా మామూలే. వేడి మీద, ఏసీ లేకుండా, ఈ చిన్న పెట్రోలు బండ్లు దాదాపు 800, 900 మధ్య తిరుగుతాయి. మన బండ్లలో చాలావాటికి ఆ మీటరే ఉండదు, చెవే మీటరు. అలలాగా లేచి పడుతుంటే గాలి లెక్క తప్పినట్టు. అలా కాకుండా టక్, టక్ అని దెబ్బ తప్పుతూ వణుకుతుంటే మిస్సింగ్. ఆల్టో 800కి ఉన్నవి మూడే సిలిండర్లు, ఒకటి సరిగ్గా కొట్టకపోతే మూడో వంతు బలం పోతుంది, బండంతా ఊగుతుంది. అప్పుడు ప్లగ్గులు, కాయిల్, ఇంజెక్టర్ చూడాలి. ప్లగ్గు వైరు మాత్రం ఇంజను తిరుగుతుండగా పీకొద్దు, షాక్ కొడుతుంది.

గాలి సంగతైతే సుయ్‌మనే శబ్దం ఎక్కడుందో వెతకండి. వాడేసిన స్ప్రే సీసాలో సబ్బు నీళ్లు పోసి రబ్బరు పైపుల మీద, జాయింట్ల మీద కొంచెం కొంచెం కొట్టండి. వైర్ల మీద వద్దు. పురుగుమందు కొట్టే సీసా అసలే వద్దు. నీళ్లు పడిన చోట శబ్దం మారితే కన్నం అక్కడే. కొందరు వీడియోలు చూసి పెట్రోలు చల్లుతున్నారు, వేడి ఇంజను మీద అది తగలబడే పని. పైపులన్నీ బాగుంటే త్రాటిల్ బాడీ విప్పించి మసి తుడిపించండి. మసి పట్టి సన్నని దారి మూసుకుపోయినా ఇదే గోల. తుడిచాక, లేదా బ్యాటరీ వైరు తీసి పెట్టాక కాసేపు రేసు అటూ ఇటూ ఉంటుంది, కంప్యూటర్ మళ్లీ నేర్చుకుంటుంది, కంగారొద్దు.

"కంప్యూటర్ పెట్టి చూశాం, కోడ్ వచ్చింది" అంటారు. పీ0505 వస్తే ఐడిల్ కంట్రోల్‌లో తేడా ఉందని. పీ0171 వస్తే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని. ఫలానా సామాను మార్చమని ఆ కోడ్‌లో ఎక్కడా లేదు. జ్వరం చూసే థర్మామీటర్ మలేరియానా టైఫాయిడా చెప్తుందా?

ఇక మన వంతు. "మనకేం తెలుసన్నా ఇంజన్ల సంగతి" అనే మాట నేను ఒప్పుకోను. బోరు మోటరు ఊరికే గుయ్‌మంటుంటే ఫేజు పోయిందో, కెపాసిటర్ పోయిందో మనం గట్టు మీద నుంచే చెప్తాం. కారు దగ్గరికొచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడతాం. పైగా మెకానిక్ గంటసేపు వెతికి పది రూపాయల పైపు మార్చి మూడొందలు అడిగితే, "ఇంత చిన్న దానికా?" అని గొడవ. అదే నాలుగు వేల సెన్సర్ డబ్బా చూపిస్తే నోరు మూసుకుని ఇస్తాం. వెతికినందుకు ఇవ్వం, మార్చినందుకు ఇస్తాం. మరి వాడు వెతుకుతాడా, మారుస్తాడా? అబద్ధం నేర్పింది మనమే. ఈసారి షెడ్డుకి వెళ్లినప్పుడు ముందే చెప్పండి: "చూసినందుకు కూలి ఇస్తా, ఏదైనా మారిస్తే పాతది నా చేతికివ్వు."

నా బండికి ఆ పైపు మార్చి, తిప్పిన స్క్రూని మళ్లీ సరిచేసింది వేరే ఊరి కుర్రాడు. గంటన్నర పట్టింది. నాలుగొందలు అడిగాడు, అయిదొందలిచ్చా. కొరికిన పైపు ముక్క ఇంటికి తెచ్చి కొట్టం తలుపుకి వేలాడదీశా. బండి ఇప్పుడు అక్కడ పెట్టడం లేదు.